చేరని అరవై ఒక్క మాటలు

విజయభాస్కర్ సారు గొంతు పోయిన ఏడాదే జబీనాకు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి ఆమె నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సెక్కి పోతే, ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ పలుచని తెల్లగుడ్డ కట్టి ఉంది. గొంతులో గడ్డ లేచిందని హైదరాబాదులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఉద్యోగం వచ్చిందని ఆమె చెప్పగానే ఆయన నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన అలవాటు కదా. చప్పుడు రాలేదు. పక్కనున్న నోటుపుస్తకం అందుకుని, 'శభాష్' అని రాసి చూపించాడు.

ఆ గొంతు ఎట్లాంటిదో నంద్యాల పాలిటెక్నిక్‌లో చదివిన వాళ్ళందరికీ తెలుసు. మూడో గదిలో ఆయన పాఠం చెప్తుంటే మొదటి గదిలో వాళ్ళు నోట్సు రాసుకునేవాళ్ళు. కానీ అంత గొంతు ఉండీ జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. బోర్డు మీద ప్రశ్న రాసి, చేతులు దులుపుకుని, "రేపు చెప్పండి" అని వెళ్ళిపోయేవాడు. రేపు ఎవరూ చెప్పకపోతే ఎల్లుండి. ఒక ప్రశ్న పదిహేను రోజులు బోర్డు మీద ఉన్న సందర్భం కూడా ఉంది.

జబీనా తండ్రి హుస్సేన్ వలి కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. నూనెపల్లెలో ఒక చిన్న అంగడి. జబీనా డిప్లొమా రెండో ఏడాదిలో ఉండగా ఇక చదువు చాలనుకున్నాడు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, ఒక సాయంత్రం సారు అంగడికి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, చదువు ఊసెత్తకుండా, మిషను కుట్టు తప్పుతోందని ఎట్లా కనుక్కుంటావని అడిగాడు. హుస్సేన్ వలి నవ్వి, "బట్ట తిప్పి చూస్తా సార్. పైన కుట్టు బాగనే కనపడతాది. అడుగు దారం పట్టిందో లేదో తిప్పి చూస్తేనే తెలుస్తాది," అన్నాడు. సారు తల ఊపి, "మీ పాప కూడా అట్లనే తిప్పి చూస్తాదప్పా. చదవనీ," అని లేచిపోయాడు. ఆ మాటతోనే ఆమె మూడో ఏడు చదివింది. పద్మావతి నగర్‌లో సుందరరాజు అనే ఆయన నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరింది. బియ్యం మిల్లులకు, విత్తనాల గోడౌన్లకు ప్రోగ్రాములు రాసిపెట్టే ఆఫీసు అది.

ఆళ్ళగడ్డలో ఆ రోజు సారు నోటుపుస్తకంలో ఇంకో నాలుగు వరుసలు కూడా రాశాడు. ఫోన్‌లో అక్షరాలు చిన్నవి, వేలు వేస్తే ఒకేసారి మూడు పడుతున్నాయి. ఇంటికి వచ్చినవాళ్ళు పుస్తకంలో చూసి చదివేసరికి విసుక్కుంటున్నారు. 'నువ్వు చదివింది దేనికి? నాకొక ప్రోగ్రామ్ రాయి. పెద్ద అచ్చరాలు ఉండల్ల. నేను ఈడ కొడితే నీకు ఆడ కనపడల్ల.'

రెండు ఆదివారాలు కూర్చుని జబీనా రాసింది. పెద్ద విషయమేమీ కాదు. నంద్యాల ఆఫీసులో ఆమె కంప్యూటర్ సాకెట్ అనే ఒక తలుపు తెరుచుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని చెవొగ్గి ఉంటుంది. ఆళ్ళగడ్డలో సారు కంప్యూటర్ దాన్ని పిలుస్తుంది. రెండింటికీ మధ్య ఒక కనెక్షన్ ఏర్పడుతుంది. ఇటు వేసిన మాట అటు పడుతుంది, అటు వేసింది ఇటు. అరచేయంత అక్షరాలు పెట్టింది. సారు ఒక మాట పంపగానే దాని పక్కన ఆకుపచ్చగా 'చేరింది' అని పడేలా చేసింది. ఆ ఒక్క పదం చూస్తే ఆయనకు ధైర్యంగా ఉంటుందని అనుకుంది.

ఇక రోజూ పొద్దున పది దాటగానే తెర మీద ఆ ప్రోగ్రామ్ కిటికీ తెరుచుకునేది. ఆయన వీధి ఎదుట శిల్పుల షెడ్డు ఒకటి ఉంది. ఎవరో ఒక గుడికి నందిని చెక్కుతున్నారు. 'నందికి ముందుకాళ్ళు అయినాయి, మొగం ఇంకా రాయిగానే ఉండాది' అని రాసేవాడు. భార్య గౌరమ్మ గోంగూరలో ఉప్పు మరిచిపోయిందని రాసేవాడు. మధ్యలో హఠాత్తుగా ప్రశ్న వేసేవాడు: 'పంపినానని ఒక ప్రోగ్రామ్ చెప్తే, ఎవరికి పంపినట్టు?' జబీనా పనిలో ఉండి, సాయంత్రం చూద్దామని పక్కన పెట్టేది. నవ్వుకునేది కూడా. మళ్ళీ తరగతిలో కూర్చున్నట్టే ఉండేది ఆమెకు. గొంతు వినపడకపోయినా ఆ పెద్ద అక్షరాల్లో ఆ గొంతే ఉండేది.

కనెక్షన్ తెగుతుందని ఆమెకు తెలియకపోలేదు. ఆళ్ళగడ్డలో కరెంటు పోతే వీధి చివర స్తంభం మీదున్న ఇంటర్నెట్ డబ్బా ఆగిపోతుంది. అందుకే తెగితే దానంతటదే మళ్ళీ కలుపుకునేలా రాసింది. రోజుకు నాలుగైదుసార్లు తెగేది, కలిసేది. సారు వైపు ఏమీ చేయనక్కర్లేదు. అది చూసి ఆమె తన పనితనానికి లోలోపల మురిసింది.

రెండో నెలలో ఒకరోజు సారు మాటల ముందు అంకెలు రావడం మొదలైంది. '1. తిన్నావా?' '2. ఈ పొద్దు ఆకాశం మోడం పట్టింది.' ఆయన బోర్డు మీద ప్రశ్నలకు అంకెలు వేసే మనిషి. పాత అలవాటు తిరిగొచ్చిందనుకుంది జబీనా. అడగలేదు.

ఏడాది గడిచింది. బెంగుళూరులో ఒక కంపెనీ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. పెద్ద పని. ఇంట్లో తల్లి బీబీ ఏడ్చింది గాని అడ్డు చెప్పలేదు. హుస్సేన్ వలి నీ ఇష్టమన్నాడు. జబీనాకు తన ఇష్టమేమిటో తెలియలేదు. ఆళ్ళగడ్డ కిటికీలో టైపు చేసింది: 'సార్, బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. పోవాల్నా, వద్దా? మీరు చెప్పండి.'

ఆ రోజు జవాబు రాలేదు. మరుసటి రోజు సారు నంది చెవుల గురించి రాశాడు. ఆ మరుసటి రోజు ఏదో పుస్తకం గురించి. జబీనా ప్రతి అక్షరం వెతికింది. తన ప్రశ్నకు సంబంధించిన మాట ఒక్కటి లేదు. ఎప్పుడూ జవాబు చెప్పని మనిషి ఇప్పుడూ చెప్పడంలేదనుకుంది. కాదు, వద్దని చెప్పడానికి మొహమాటపడుతున్నాడనుకుంది. నాలుగో రోజు ఆయనే అడిగాడు: 'ఏమనుకున్నావ్?' ఆమెకు కొంచెం కోపం వచ్చింది. 'ఈడనే ఉంటా సార్' అని కొట్టింది. కాసేపటికి, 'మంచిది' అని వచ్చింది.

ఆ తర్వాత ఇద్దరి మధ్య ఏదో సన్నబడింది. కిటికీ తెరుచుకుంటూనే ఉంది. ఆమె మాటలు తగ్గాయి. ఆయనవీ తగ్గినట్టే అనిపించింది. మిల్లుల పని ఎక్కువై ఆళ్ళగడ్డకు పోవడం మూడు నెలలకొకసారి అయింది, తర్వాత ఆరు నెలలకు. రేపు పోదాం, వచ్చే వారం పోదాం అనుకుంటూనే ఉండేది. సారు అక్కడే ఉంటాడు కదా అనే నమ్మకం ఒకటి ఉండేది.

వానలు ముసురు పట్టిన నెలలో సారుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కర్నూలుకు తీసుకుపోయారు. మూడో రోజు పోయాడు. జబీనా వెళ్ళేసరికి వాకిట్లో జనం. పాలిటెక్నిక్‌లో చదివినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. డోన్ నుంచి ఒకాయన, నందికొట్కూరు నుంచి ఇద్దరు. అందరూ ఆ గొంతు గురించే చెప్పుకుంటున్నారు. జబీనా ఒక్కతే ఆయన గొంతు పోయిన తర్వాతి మాటలు విన్నది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర తర్వాత గౌరమ్మ ఫోన్ చేసింది. కంప్యూటర్ ఊళ్ళో బడికి ఇచ్చేస్తానని, అంతకంటే ముందు ఒకసారి వచ్చి అందులో ఉన్నదేదో చూసి పొమ్మని చెప్పింది. జబీనా ఆదివారం పొద్దున బస్సెక్కింది. శిరివెళ్ళ దాటి ఆళ్ళగడ్డ చేరేసరికి పదిన్నర అయింది. సారు కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. కంప్యూటర్ వేసి, తను రాసిన ఆ కిటికీ తెరిచి, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. చదవాలని కాదు, ఊరికే ఆయన మాటలు మళ్ళీ చూసుకోవాలని.

'17. మీ నాయన కాలినొప్పి తగ్గిందా?'

ఆ మాట ఆమెకు గుర్తులేదు. తండ్రి కాలు విరిగిన రోజులవి. సారు ఒక్కసారి కూడా అడగలేదని అప్పట్లో మనసులో కష్టపడింది. తన ల్యాప్‌టాప్ బయటికి తీసి, నంద్యాల వైపు దాచిన మాటలు తెరిచింది. 16 ఉంది. 18 ఉంది. 17 లేదు. సారు తెర మీద మాత్రం 17 పక్కన ఆకుపచ్చగా 'చేరింది' అని ఉంది.

జబీనా కుర్చీ ముందుకు జరుపుకుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె చూస్తూ పోయింది. 38 లేదు. సారు తెర మీద ఆ 38లో ఉన్నదింతే: 'అంకెలు చూస్తాండావా?'

ఏం జరిగిందో ఆమెకు విడమరిచి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. స్తంభం మీది డబ్బా ఆగినప్పుడు సారు గదిలో కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. అవతలివాళ్ళు సెలవు తీసుకుని పోతే తెలుస్తుంది, మాటామంతీ లేకుండా దారే పోతే ఎట్లా తెలుస్తుంది? సారు ఒక మాట కొడతాడు. ప్రోగ్రామ్ దాన్ని కంప్యూటర్ చేతికి ఇస్తుంది. కంప్యూటర్ సరే అని జేబులో వేసుకుంటుంది. ఆ 'సరే'ని పట్టుకుని ఆమె రాసిన ప్రోగ్రామ్ 'చేరింది' అని పచ్చగా చూపిస్తుంది. కాసేపు ఎదురుచూసి, పాత కనెక్షన్ చచ్చిందని తేల్చుకుని కొత్తది తెరుస్తుంది. పాతదాని జేబులో ఉన్న మాటలు పాతదానితోనే పోతాయి. తెగింది కలపడం గురించే ఆమె ఆలోచించింది. తెగినప్పుడు దారిలో ఉన్నదేమైందని ఒక్కసారి అడగలేదు. సారు అడిగాడు. పంపినానని ఒక ప్రోగ్రామ్ చెప్తే, ఎవరికి పంపినట్టు? ఆ ప్రశ్న వేసి, ఆమె చెప్పకపోతే, బోర్డు మీద వేసినట్టే మాటలకు అంకెలు వేసి పెట్టాడు. మధ్యలో అంకె తప్పితే పిల్ల పట్టుకుంటుందని.

మొత్తం నాలుగువందల పన్నెండు. అందులో అరవై ఒకటి లేవు.

203 దగ్గర ఆమె చేయి ఆగింది. బెంగుళూరు సంగతి అడిగిన రోజు మధ్యాహ్నం అది.

'203. పో. భయపడి ఆగొద్దు. నంద్యాల యాడికీ పోదు. నేనూ యాడికీ పోను. ఈ కిటికీ బెంగుళూరులో కూడా తెరుచుకుంటాది కదా.'

పక్కన ఆకుపచ్చగా 'చేరింది'.

గౌరమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె మొహం చూసి అక్కడే నిలబడింది. జబీనా జరిగిందంతా చెప్పింది. సగం అర్థమయ్యేలా, సగం కాకుండా. గౌరమ్మ ఆశ్చర్యపోలేదు.

"కొన్ని చేరడంలేదని ఆయనకు తెలుసు పాపా," అంది. "నాకు పుస్తకంలో రాసి చూపించినాడు. నేను ఫోన్ చేసి చెప్తానంటే వద్దన్నాడు. కనుక్కుంటాది, కనుక్కోనీ అన్నాడు."

"ఏ మాటలు పోయినాయో తెలుసా అమ్మా ఆయనకు?"

"అదెట్ల తెలుస్తాది? అన్నిట్లోనూ చేరిందనే పడతాండె కదా."

జబీనా మజ్జిగ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత, తాను జవాబివ్వని రోజుల్లో సారు బాధపడేవాడా అని అడిగింది. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సిందని అడిగాక అనిపించింది.

"ఒక్కో దినం ఆ తెర ముందర ఊరికే కూచోని ఉంటాండె," అంది గౌరమ్మ. దాచి చెప్పడం ఆమెకు రాదు. "బెంగుళూరు సంగతి నాకూ చెప్పినాడు. ఆ పిల్ల పోతే బాగుండు, నా మాట వినకపాయె అన్నాడు. నలభై కిలోమీటర్లే కదమ్మా. బస్సెక్కి వచ్చి అడిగింటే అయిపోతాండె."

అందులో కోపం లేదు. ఉన్న మాట. బస్సులో తిరిగి వస్తూ జబీనా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. ప్రోగ్రామ్ పోగొట్టింది నిజమే. కానీ ఆ నాలుగు రోజులూ ఆయన జవాబివ్వలేదని నమ్మడం తనకు సులువుగా ఉండింది. బెంగుళూరు పోవడానికి భయం, ఆ భయానికి సారు మౌనాన్ని అడ్డం పెట్టుకుంది. ఆయన పొమ్మన్నాడని తెలిసి ఉంటే ఏం చేసి ఉండేదో ఇప్పుడు ఎవరు చెప్తారు? పోయి ఉంటే బెంగుళూరులో ఒక గది, ఆ గదిలో పొద్దున పదింటికి ఈ కిటికీ. ఆ బతుకు ఆమె కళ్ళ ముందు ఎంత తేటగా కనిపించిందంటే, ఒకప్పుడు తాను నిజంగానే అక్కడ ఉండి వచ్చినట్టు దిగులేసింది.

గౌరమ్మను అడిగి, కంప్యూటర్‌ను ఇంకో నెల ఇంట్లోనే ఉంచమంది. ఆఫీసులో కూర్చుని ప్రోగ్రామ్ మొత్తం మళ్ళీ రాసింది. పంపిన ప్రతి మాటకూ వరుస అంకె. ఆ అంకె నాకు అందిందని అవతలి ప్రోగ్రామ్ నోరు తెరిచి చెప్పేదాకా ఇవతల ఆ మాటను డిస్కు మీద భద్రంగా దాచుకోవడం. అందినట్టు కబురు రాకపోతే కనెక్షన్ కలవగానే మళ్ళీ పంపడం. రెండుసార్లు పంపిన మాట రెండుసార్లు చేరితే, అంకె చూసి రెండోదాన్ని వదిలేయడం. మాటలేమీ లేనప్పుడు కూడా పది సెకన్లకొకసారి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు 'ఉన్నావా', 'ఉన్నా' అని పలకరించుకోవడం. మూడుసార్లు పలకకపోతే అవతల లేరని ఒప్పుకోవడం. 'చేరింది' అనే పదాన్ని పాత చోటునుంచి తీసి, అందినట్టు అవతలినుంచి కబురు వచ్చాకే పడేలా పెట్టింది.

సుందరరాజు ఇదంతా చూసి, మిల్లులవాళ్ళు అడగని పనికి ఇన్ని రోజులెందుకని అడిగాడు. మిల్లు కాటా నుంచి కంప్యూటర్‌కు పంపే తూకాలు కూడా ఇట్లాగే దారిలో పోతున్నాయని, వాళ్ళకు అది తెలియదు కాబట్టి అడగలేదని ఆమె చెప్పింది. ఆయన ఒక మిల్లు తూకాలు తీయించి చూశాడు. నిజంగానే కొన్ని లేవు. ఇప్పుడు వాళ్ళ ప్రోగ్రాములన్నీ అట్లాగే నడుస్తున్నాయి.

ఆ పని అయ్యాక ఒక సోమవారం గౌరమ్మకు ఫోన్ చేసి కంప్యూటర్ వేయమంది. అంతకు ముందు ఆదివారమే పోయి, కొత్త ప్రోగ్రామ్ పెట్టి, చేరని ఆ అరవై ఒక్క మాటలనూ పంపాల్సిన వరుసలో చేర్చి వచ్చింది. చదివిన మాటలే. అయినా అవి రావలసిన దారిన, రావలసిన చోటికి రావాలని ఆమెకు ఉండింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. గౌరమ్మ అడగలేదు.

పదకొండింటికి నంద్యాల తెర మీద మొదటిది పడింది. '17. మీ నాయన కాలినొప్పి తగ్గిందా?' ఆ తర్వాత 38. ఒకదాని వెనుక ఒకటి, తొందర లేకుండా వచ్చాయి. అవతల గౌరమ్మ ఫోన్ పట్టుకుని, "చేరింది అని పడతాండాది," అని ఒక్కొక్కటీ చూసి చెప్తోంది. 203 వచ్చినప్పుడు జబీనా ఫోన్ చెవి దగ్గర నుంచి దించింది. మళ్ళీ పెట్టుకునేసరికి గౌరమ్మ తర్వాతి అంకె చదువుతోంది.

ఆ అరవై ఒకటిలో నలభై మూడో మాట దగ్గర ఆగిపోయింది. ఆళ్ళగడ్డలో కరెంటు పోయిందని, కంప్యూటర్ బ్యాటరీ మీద ఉందని గౌరమ్మ చెప్పింది. నలభై మూడో దాని పక్కన ఏమీ పడలేదని కూడా చెప్పింది. ఇదివరకైతే పడి ఉండేది. ఇద్దరూ కాచుకున్నారు. ఇరవై నిమిషాలకు స్తంభం మీది డబ్బా మేలుకుంది. నలభై మూడోది మళ్ళీ వచ్చింది. అది అప్పటికే ఒకసారి చేరింది, చేరినట్టు ఇటునుంచి పోయిన కబురు మాత్రం దారిలో పోయి ఉండాలి. రెండోసారి వచ్చిన దాన్ని ప్రోగ్రామ్ గుర్తుపట్టి పక్కకు నెట్టింది. మిగిలినవి వరుసగా వచ్చాయి. అన్నిటికంటే చివరిది 409. 'నందికి కళ్ళు పెట్టినారు. నువ్వొచ్చి చూడల్ల.'

ఆ తర్వాత పంపడానికి ఏమీ లేదు. కంప్యూటర్ ఆపేయనా అని గౌరమ్మ అడిగింది. సాయంత్రం దాకా ఉండనిమ్మంది జబీనా. రోజంతా వేరే పని చేసుకుంటూనే మధ్యమధ్య ఆ కిటికీ చూసింది. పది సెకన్లకొకసారి ఆళ్ళగడ్డ 'ఉన్నా' అని పలుకుతోంది. ఐదున్నరకు గౌరమ్మ ఆపింది. అర నిమిషం గడిచింది. తెర మీద ఒక వరుస పడింది: 'అవతల ఎవరూ లేరు.' ఆ ప్రోగ్రామ్ అంత నిజం ఆమెకు చెప్పడం అదే మొదటిసారి. ఆమె ఆ వరుసను చాలాసేపు చూసి, చున్నీ సర్దుకుని ఇంటికి బయలుదేరింది.

మరుసటి వారం కంప్యూటర్ బడికి పోయింది. జబీనా ఒక ఆదివారం ఆళ్ళగడ్డకు పోయి, గౌరమ్మను వెంటబెట్టుకుని ఎదురు షెడ్డులోకి వెళ్ళి నంది ఎక్కడని అడిగింది. లారీలో ఎక్కించి పంపేసి పది రోజులైందని, ఏ ఊరి గుడో సరిగా గుర్తులేదని అక్కడి శిల్పి చెప్పాడు. వాళ్ళిద్దరూ కాసేపు ఆ ఖాళీ చోటు దగ్గర నిలబడి, తెల్లటి రాతిపొడి అంటిన చెప్పులతో ఇంటికి తిరిగొచ్చారు. ఆ మధ్యాహ్నం గౌరమ్మ ఆమెను అన్నం తినకుండా పోనివ్వలేదు. ఇప్పుడు జబీనా నెలకు రెండుసార్లు ఆళ్ళగడ్డకు పోతుంది. ముందుగా ఫోన్ చేయదు. నేరుగా బస్సెక్కుతుంది.